డెడ్‌వ్యాక్స్ చదవడం: 60ల అమెరికా ఊరూరి గ్యారేజ్ 45లు, అసలువీ నకిలీవీ

కొలంబస్_కృష్ణ · పోస్టు 1

అందరికీ నమస్కారం. చేతిలో ఐదు 45లు (నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డులు) ఉన్నాయి, అన్నీ ఇప్పుడు గ్యారేజ్ అంటున్న కుర్రాళ్ళ గిటార్ బ్యాండ్లవే. లేబుల్ మీద బ్యాండు పేరు, పాట పేరు, ఊరు, కింద బీఎంఐ (పాట హక్కుల సంస్థ) అన్న మూడక్షరాలు. ఏడాది ఎక్కడా లేదు. రెండింటి గురించి నెట్‌లో ముక్క కూడా దొరకలేదు. ఒకదానికి మాత్రం నాలుగంకెల డాలర్లు చెబుతున్నారు. పాట అయ్యాక గాడికీ లేబుల్‌కీ మధ్య మిగిలే నల్లటి ఖాళీలో, అంటే డెడ్‌వ్యాక్స్‌లో, కనిపించినవి ఇవీ:

ఒకటోది: మెషీన్ అచ్చుతో టీ4కేఎం, తర్వాత నాలుగంకెలు.
రెండోది: ఐదంకెల నంబరు. అదే నంబరు లేబుల్ మీదా ఉంది.
మూడోది: చేత్తో గీకిన కేటలాగ్ నంబరు, పక్కన చిన్న త్రికోణం, దాని పక్కన అంకెలు. ఖరీదైనది ఇదే.
నాలుగోది: జడ్‌టీఎస్‌పీ, తర్వాత అంకెలు.
ఐదోది: ఏఆర్‌పీ అన్న ముద్ర.

ఏది ఎప్పటిది? మూడోది నిజంగా అసలుదేనా?

డెడ్‌వ్యాక్స్_దాసు · పోస్టు 2

వరసగా చెబుతా.

టీ4కేఎం అంటే పెద్ద రికార్డు కంపెనీ ఆర్‌సీఏ వాళ్ళ కస్టమ్ పని. ఆర్‌సీఏ ఆ బ్యాండును తీసుకుందని కాదు, డబ్బు కట్టినవాళ్ళకి రికార్డు కొట్టి ఇచ్చిందని. మొదటి అక్షరం ఏడాది: ఎన్ 1962, పీ 1963, ఆర్ 1964, ఎస్ 1965, టీ 1966, యూ 1967, డబ్ల్యూ 1968. మధ్యలో క్యూ, వీ లేవు, దాటేశారు. 'కే' అంటే 7 అంగుళాల 45. 'ఎం' అంటే మోనో. కాబట్టి మీది 1966. రెండు వైపులా నంబర్లు పక్కపక్కవేనా చూడండి. ఒకే ఆర్డరులో వెళ్ళిన రెండు పాటలకి వరస నంబర్లు పడతాయి. తేడా ఎక్కువుంటే ఒక వైపు మళ్ళీ కోయించారనో, పాత పాటని వెనక తగిలించారనో అర్థం.

రెండోది సిన్సినాటిలోని రైట్ రికార్డ్స్ పని కావచ్చు. ఐదంకెల నంబరు లేబుల్ మీదా డెడ్‌వ్యాక్స్‌లోనూ ఒకటే కనిపించడం, రెండో వైపు దాని పక్క నంబరే ఉండడం వాళ్ళ పద్ధతి. ఆ నంబరుకి దూరంగా ఇంకో చిన్న నంబరు కూడా ఉందేమో వెతకండి. అది కస్టమర్ ఖాతా నంబరు. అదే ఖాతా మీద అదే ఊరి చర్చి పాటలు, పోల్కా రికార్డులు వచ్చి ఉండొచ్చు. బ్యాండు పేరుతో ఏమీ దొరకనప్పుడు ఆ ఖాతాని పట్టుకుని వెళితే స్టూడియో ఏదో తేలుతుంది. రైట్ నంబర్లు ఏ ఏడాది ఎక్కడిదాకా వచ్చాయో కలెక్టర్లు పట్టికలు కట్టి పెట్టారు.

త్రికోణం లాస్ ఏంజెలెస్ వాసన. అక్కడి మొనార్క్ ప్లాంటు రికార్డుల్లో చేత్తో గీసిన త్రికోణం, నంబరు ఉంటాయి. వాటితోపాటు చిన్న గుండ్రంలో ఎంఆర్ అన్న అచ్చు ముద్ర. త్రికోణం నంబరు ఏళ్ళు గడిచేకొద్దీ పెరుగుతూ పోతుంది. అదే ప్లాంటులో కొట్టిన పెద్ద హిట్టు పాట ఒకటి తీసుకుని, అది విడుదలైన నెల తెలుసు కనుక, మీ నంబరు దానికి ముందా వెనకా అని చూస్తే రెండు మూడు నెలల తేడాలో తేదీ పడుతుంది. ఎంఆర్ ముద్ర ఉందా లేదా మీరు రాయలేదు. అది ముఖ్యం.

జడ్‌టీఎస్‌పీ కొలంబియా కస్టమ్, అంటే కొలంబియా కంపెనీ ఇలాగే డబ్బు తీసుకుని కొట్టి ఇచ్చింది. ప్లాంట్లు న్యూజెర్సీలో పిట్‌మన్, ఇండియానాలో టెర్రె హాట్, కాలిఫోర్నియాలో శాంటా మరియా.

ఏఆర్‌పీ అంటే అమెరికన్ రికార్డ్ ప్రెసింగ్, మిషిగన్‌లో ఒవాసో. మోటౌన్ కంపెనీ రికార్డులు కుప్పలుగా అక్కడే కొట్టారు. మిషిగన్ కుర్రాళ్ళ బ్యాండ్ల రికార్డు అయితే ఆ ముద్ర ఉండడం సహజం. లేబుల్ మీద టెక్సస్ ఊరుండి లోపల ఏఆర్‌పీ ఉంటే మాత్రం ఒక నిమిషం ఆలోచించాలి.

ఇంకోటి, ఎస్‌జేడబ్ల్యూ అని కనిపిస్తే ఫీనిక్స్‌లోని సిడ్నీ జే. వేక్‌ఫీల్డ్ ప్లాంటు. ఇక్కడ అడగలేదు గానీ అరిజోనా, న్యూమెక్సికో బ్యాండ్లకి పనికొస్తుంది.

గాడి_గౌరి · పోస్టు 3

దాసుగారూ, ఒక సవరణ. టీ అంటే 1966లో మ్యాట్రిక్స్ నంబరు (డెడ్‌వ్యాక్స్‌లోని ఆ నంబరు) ఇచ్చారని. చేతిలో ఉన్న రికార్డు 1966లోనే కొట్టిందని కాదు. మళ్ళీ ఆర్డరు ఇస్తే పాత మెటల్ అచ్చులతోనే కొడతారు, నంబరు మారదు. లేబుల్ కాగితం, అచ్చు మారతాయి. అందుకే లేబుల్ కూడా చదవాలి.

చిరునామా ఉంటే పోస్టల్ కోడు చూడండి. అమెరికాలో ఐదంకెల జిప్ కోడు 1963 జులై 1న మొదలైంది. అంతకు ముందు పెద్ద ఊళ్ళకి ఊరి పేరు పక్కన ఒకటి రెండంకెల జోన్ నంబరు ఉండేది, "సిన్సినాటి 15, ఒహాయో" అన్నట్టు. లేబుల్ మీద జోన్ నంబరుంటే 1963 లోపుదో, లేదా మారిన సంగతి పట్టించుకోని ముద్రాపకుడిదో. ఐదంకెల జిప్ ఉందంటే మాత్రం 1963 మధ్యకి ముందుది కాదు, ఇందులో అనుమానం లేదు.

గుండ్రంలో పీ గుర్తుంటే అది 60ల లేబుల్ కాదు. సౌండ్ రికార్డింగులకి అమెరికా ఫెడరల్ కాపీరైట్ వచ్చిందే 1972 ఫిబ్రవరి 15న. స్టీరియో అన్న ముద్ర కూడా అనుమానమే. ఊరి బ్యాండు 45 మీద 1966లో స్టీరియో అని ఉంటే నమ్మడం కష్టం.

పాట ఎవరిదో తేలాలంటే అమెరికా కాపీరైట్ ఆఫీసు వేసిన నమోదు కేటలాగులు స్కాన్ అయ్యి ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిలో పాట పేరు, రాసినవాళ్ళ పేర్లు, తేదీ ఉంటాయి. నమోదు చేయించని బ్యాండ్లూ చాలానే. లేబుల్ మీద బ్రాకెట్లో ఉన్న ఇంటిపేర్లతో వెతకండి, బ్యాండు పేరుతో కాదు.

కొత్తముల్లు · పోస్టు 4

అన్నలూ అక్కలూ, నేను కొత్త. ఒక ఊరి బ్యాండుకి సొంత లేబుల్ ఎలా వచ్చింది? పెద్ద కంపెనీ లేకుండా రికార్డు ఎలా కొట్టించారు? గ్యారేజ్ అని అప్పుడే అనేవాళ్ళా?

టకోమా_తాత · పోస్టు 5

అప్పుడు అనేవాళ్ళు కాదు. కుర్రాళ్ళ బ్యాండు, డాన్స్ బ్యాండు, అంతే. 1972లో లెన్నీ కే ఎలెక్ట్రా కంపెనీకి కూర్చిన నగెట్స్ డబుల్ ఆల్బంలో 27 పాటలు పెట్టి, దాని మీద రాసిన వ్యాసంలో ఈ సంగీతాన్ని పంక్ అన్నాడు. గ్యారేజ్ అన్న మాట తర్వాత స్థిరపడింది. కాబట్టి అమ్మేవాడు "ఒరిజినల్ 60ల గ్యారేజ్ లేబుల్" అంటే అది వాడి మాటే, లేబుల్ మాట కాదు.

సొంత లేబుల్ అంటే చాలావరకు ఒక పేరు, ఒక పోస్ట్‌బాక్స్. స్టూడియోకి గంటల లెక్కన కట్టి టేపు తెచ్చుకోవడం, కస్టమ్ ప్లాంటుకి పంపడం, అక్కడ లాకర్ (మెత్తటి పూత ఉన్న మొదటి డిస్కు) కోసి, దాన్నుంచి మెటల్ అచ్చు తీసి, కొన్ని వందల కాపీలు కొట్టడం. డబ్బాలు కారు డిక్కీలో పెట్టుకుని స్కూల్ డాన్సుల్లో, ఊళ్ళో రికార్డు షాపులో అమ్మడం. రెండు కాపీలు లోకల్ రేడియోకి. రేడియోవాడు ఎత్తుకుంటే పెద్ద లేబుల్ వచ్చి మాస్టరు తీసుకుంటుంది. లేదంటే మిగిలిన డబ్బా డ్రమ్మరు తల్లి అటక మీద.

దీనికి చక్కటి ఉదాహరణ క్వశ్చన్ మార్క్ అండ్ ది మిస్టీరియన్స్. మిషిగన్‌లో సాగినా లోయ కుర్రాళ్ళు, మెక్సికన్ వలస కుటుంబాలవాళ్ళు. వాళ్ళ పాట 96 టియర్స్ మొదట పా-గో-గో 102గా (లేబుల్ పేరు, రికార్డు నంబరు) వచ్చింది, 1966లో. రేడియో పట్టుకున్నాక కేమియో 428. అక్టోబరుకల్లా దేశంలో నంబర్ వన్. ఆస్టిన్‌లో 13త్ ఫ్లోర్ ఎలివేటర్స్ దారీ ఇదే: యూ ఆర్ గాన్నా మిస్ మీ మొదట కాంటాక్ట్ 5269, తర్వాత ఇంటర్నేషనల్ ఆర్టిస్ట్స్ 107. రెండు సందర్భాల్లోనూ పాట అదే, రికార్డింగ్ అదే. ధర తేడా మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత. నకిలీలు మొదటి లేబుల్‌కే వస్తాయి. కేమియో కాపీని ఎవడూ నకిలీ చెయ్యడు.

మినియాపోలిస్ సంగతి ఇంకో రకం. కే బ్యాంక్ స్టూడియో, సోమ లేబుల్. సోమ అంటే సోమరసం కాదు. లేబుల్ యజమాని ఏమోస్ హైలికర్ పేరుని ఇంగ్లీషులో తిరగేసి చదివితే సోమ వస్తుంది. ది కాస్టవేస్ పాట లయర్ లయర్ ఆ లేబుల్ మీదదే.

కొత్తముల్లు · పోస్టు 6

తాతగారూ, లూయీ లూయీ పాట కూడా ఇలాగేనా?

టకోమా_తాత · పోస్టు 7

అదే పెద్ద ఉదాహరణ. పాట రిచర్డ్ బెర్రీది, 1957లో ఫ్లిప్ లేబుల్ మీద. వాషింగ్టన్ రాష్ట్రం టకోమాలో వేలర్స్ బ్యాండు గాయకుడు రాకిన్ రాబిన్ రాబర్ట్స్ దాన్ని 1961లో ఎటికెట్ లేబుల్ మొదటి నంబరుగా వేశాడు. ఆ పద్ధతినే వాయవ్య రాష్ట్రాల బ్యాండ్లన్నీ పట్టుకున్నాయి. 1963 ఏప్రిల్ 6న పోర్ట్‌లాండ్‌లోని నార్త్‌వెస్టర్న్ స్టూడియోలో కింగ్స్‌మెన్ పాడారు. అదే నెలలో, అదే స్టూడియోలో పాల్ రెవేర్ అండ్ ది రైడర్స్ కూడా. కింగ్స్‌మెన్‌ది జెర్డెన్ 712, తర్వాత వాండ్ 143.

మాటలు అర్థం కాకపోవడానికి కారణం వినేవాడి చెవి కాదు. మైకు పైనుంచి వేలాడుతోంది, కింగ్స్‌మెన్ గాయకుడు జాక్ ఈలీ తల వెనక్కి వంచి అరిచాడు, పళ్ళకి తీగలు కూడా. గిటార్ సోలో అయ్యాక చూడండి: అతను తొందరపడి మూడో చరణం ఎత్తుకుని, తప్పని తెలిసి ఆగిపోతాడు. డ్రమ్మరు ఒక దెబ్బల వరసతో ఆ ఖాళీ నింపేస్తాడు. తిరిగి రికార్డు చెయ్యలేదు. ఎఫ్‌బీఐ ఈ పాటలో బూతులున్నాయేమోనని 1964, 65లో విచారణ చేసి, ఏ వేగంలో తిప్పినా మాటలు తెలియడం లేదని తేల్చింది. పాడినవాడి మాటలు వదిలేసి, 54వ సెకను చుట్టుపక్కల డ్రమ్మరు వెనకనుంచి వేసిన ఒక కేక వినండి. అసలు బూతు అక్కడుందంటారు, ఎఫ్‌బీఐ దాన్ని వదిలేసింది!

సోనిక్స్ బ్యాండు గురించి అడగకపోయినా చెబుతా. వాళ్ళ పాట ది విచ్, ఎటికెట్ 11, 1964 నవంబరు. మొదటి కాపీల వెనక కీప్ ఎ-నాకిన్, తర్వాతి కాపీల వెనక సైకో. నంబరు ఒకటే. కాబట్టి "ఎటికెట్ 11 ఉంది" అంటే సరిపోదు, వెనక ఏముందో చెప్పాలి. వాళ్ళ రెండో ఆల్బం బూమ్‌కి స్టూడియో గోడలకి అంటించిన గుడ్ల అట్టలు పీకేశారు. గది మోగాలని.

మోనో_మాస్టారు · పోస్టు 8

కృష్ణగారూ, త్రికోణం రికార్డు సంగతి తేలాలంటే ముందు అది వినైలా స్టైరీనా, ఏ ప్లాస్టిక్కో చూడండి. మొనార్క్ 60ల 45లు ఎక్కువగా స్టైరీన్. నకిలీలు కొట్టేవాళ్ళకి సాధారణంగా స్టైరీన్ ఇంజెక్షన్ మోల్డింగ్ మెషీన్ ఉండదు, వాళ్ళవి ఎక్కువగా వినైలే.

చూసే పద్ధతి ఇది. లేబుల్ అంచు మీద గోరు పెట్టి మెల్లగా లాగండి. స్టైరీన్ రికార్డు కొట్టాక చల్లారాక కాగితం అంటిస్తారు, అంచు గోటికి తగులుతుంది, పాత కాపీల్లో కాస్త లేచి ఉంటుంది. వినైల్‌లో లేబుల్ ప్రెస్‌లోనే వేడితో కలిసిపోతుంది, గోటికి ఏమీ తగలదు. రెండోది, రికార్డుని మధ్య కన్నంలో వేలు పెట్టి వేలాడదీసి అంచు మీద గోటితో కొట్టండి. స్టైరీన్ పళ్ళెంలా పలుచగా టిక్ అంటుంది. వినైల్ మందంగా డబ్ అంటుంది. మూడోది, గట్టి దీపానికి ఎదురుగా పెట్టండి. కొన్ని వినైల్ కాపీల్లో ఎర్రటి, గోధుమ రంగు వెలుగు తెలుస్తుంది. అన్నిట్లో తెలియదు, కాబట్టి ఇది సాక్ష్యమే గానీ తీర్పు కాదు.

స్టైరీన్‌కి ఒక పీడ ఉంది. రేడియోవాళ్ళు పాట మొదటి మాట దగ్గర ముల్లు ఆనించి వెనక్కీ ముందుకీ తిప్పేవాళ్ళు. దాంతో మొదటి మూడు నాలుగు సెకన్లు బూడిదరంగులోకి తిరిగి బుస్సుమంటాయి. క్యూ బర్న్ అంటారు. కడిగితే పోదు, అది మురికి కాదు, గాడి గోడే అరిగింది. ఇది ఒకరకంగా మంచిదే, రేడియో కాపీ అనడానికి సాక్ష్యం.

డెడ్‌వ్యాక్స్_దాసు · పోస్టు 9

మాస్టారు చెప్పినదానికి కలుపుతున్నా. నకిలీ పట్టుకోవడంలో చెవి కంటే గొప్ప పరికరం లేదు.

45 ఒక చుట్టు తిరగడానికి 60ని 45తో భాగిస్తే వచ్చే 1.33 సెకన్లు. గీత పడ్డ రికార్డులో టిక్ టిక్ 1.33 సెకన్లకొకసారి వస్తుంది. ఇప్పుడు టిక్ వినిపించే చోట రికార్డుని ఆపి, గాడి మీద దీపం ఏటవాలుగా వేసి చూడండి. కంటికి గీత ఉంటే సరే. కంటికి శుభ్రంగా ఉండి, కడిగాక కూడా చెవికి అదే 1.33 లెక్కన టిక్ వస్తుంటే, ఆ టిక్ రికార్డు మీద లేదు, రికార్డింగులో ఉంది. అంటే ఎవరో పాత కాపీని ముల్లుతో ఆడించి దాన్ని టేపు చేసి కొత్తగా కోశారు. అసలు మాస్టరు టేపులో అలాంటి టిక్ ఉండదు.

ఇంకో మూడు చోట్ల చూడండి. పాట మొదలయ్యే ముందు సన్నటి గరగర ఉండి, ఉన్నట్టుండి తెగి పాట మొదలవుతుందా. చివర పాట మెల్లగా తగ్గే ఫేడ్ మీ కాపీలో ముందే ఆగిపోతుందా. లేబుల్ మీద చిన్న అక్షరాల్ని పదిరెట్లు చూపే భూతద్దంతో చూస్తే అంచులు చుక్కలు చుక్కలుగా ఉన్నాయా. పాత లేబుళ్ళు ఒకటి రెండు సిరాలతో అచ్చు కొట్టినవి, అక్షరం నిండుగా ఉండి అంచు తెగినట్టుంటుంది. ఫోటో తీసి మళ్ళీ అచ్చేస్తే చుక్కలు వస్తాయి, బీఎంఐ లాంటి చిన్న అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి.

గాడి_గౌరి · పోస్టు 10

ఒక హెచ్చరిక. 1966లోనే ఎవరో ఒకరు టేపు పోగొట్టుకుని డిస్కు నుంచి మళ్ళీ కోసిన సందర్భాలు ఉండొచ్చు. కాబట్టి ఒక్క టిక్ దొరకగానే నకిలీ అని రాసెయ్యకండి. ముద్ర, ప్లాస్టిక్, లేబుల్ అచ్చు, టిక్ నాలుగూ ఒకవైపే చూపిస్తుంటే అప్పుడు అనండి.

వాల్తేరు_వినికిడి · పోస్టు 11

ఇంట్లో ఫెవికాల్ పూసి పీకితే మురికంతా వస్తుందని వీడియోలు వస్తున్నాయి. ఈ రికార్డులకి పనికొస్తుందా? ఇక్కడ సముద్రపు గాలికి కాగితం కవర్లకి బూజు కూడా పడుతోంది.

మోనో_మాస్టారు · పోస్టు 12

వినైల్‌కి మాత్రం, అదీ చివరి ప్రయత్నంగా. స్టైరీన్‌కి వద్దు, అంటించిన లేబుల్ అంచు తడి తాగి లేస్తుంది. లక్క 78లకి (నిమిషానికి 78 చుట్ల పాత రికార్డులు) అసలొద్దు, లక్క ముక్కలుగా పెచ్చులూడుతుంది.

వినైల్‌కి పూస్తే చెక్కపని జిగురు గట్టిగా, మందంగా పూయాలి. పల్చగా పూస్తే పీకేటప్పుడు చిరిగి గాడిలో ఉండిపోతుంది. అలా జరిగితే గోటితో గీకొద్దు, దాని మీదే ఇంకో మందపు పూత వేసి మొత్తంగా పీకాలి. లేబుల్‌కి 5 మిల్లీమీటర్ల దూరంలో ఆపండి, అంచు దాటి ఒక చిన్న తోక వదలండి, అక్కడనుంచి పట్టుకుని పీకొచ్చు. ఆరడానికి పొడి ఊళ్ళో ఒక రోజు, వాల్తేరులో వర్షాకాలమైతే రెండు రోజులూ చాలకపోవచ్చు. జిగురు తెల్లదనం పూర్తిగా పోయి అద్దంలా కావాలి. ఎక్కడైనా పాలరంగు మచ్చ ఉంటే ఆగండి. ముందు పది రూపాయల రికార్డు మీద చెయ్యండి.

అన్నిటికీ పనికొచ్చేది ఇంతకంటే సులువైనది. లీటరు డిస్టిల్డ్ వాటర్, ఫోటో ఫిల్మ్ కడగడానికి వాడే వెట్టింగ్ ఏజెంట్ రెండు మూడు చుక్కలు. గాడి వెంబడి మెత్తటి బ్రష్‌తో, తర్వాత వట్టి డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి, నిలబెట్టి ఆరబెట్టడం. కొళాయి నీళ్ళు వాడితే ఆరాక ఉప్పు గాడిలో మిగులుతుంది, తర్వాత అదే చిటపట. వినైల్‌కి బూజు ఉంటే ఆ నీళ్ళలో ఐదో వంతు ఐసోప్రొపిల్ ఆల్కహాల్ కలపొచ్చు. స్టైరీన్‌కి కలపొద్దు. లక్క రికార్డుకి ఆల్కహాల్ చుక్క కూడా పడొద్దు, లక్క అందులో కరుగుతుంది. మన దగ్గర ఇది మరీ ముఖ్యం. కలకత్తా దగ్గర హెచ్‌ఎంవీ వాళ్ళ దమ్‌దమ్ ఫ్యాక్టరీ 60ల నడిమి దాకా బీటిల్స్‌ని కూడా 78 ఆర్‌పీఎం మీద కొట్టింది, కాబట్టి "60ల రాక్ రికార్డు" అంటే ఇండియాలో అది లక్కదే కావచ్చు. బూజు పట్టిన కాగితం కవరు పారెయ్యండి, అది కడిగిన రికార్డుకి మళ్ళీ అంటిస్తుంది. ఎండలో పెట్టకండి, వినైల్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది.

కొత్తముల్లు · పోస్టు 13

ముల్లు ఏది పెట్టాలి? నా టర్న్‌టేబుల్‌కి ఎలిప్టికల్ ఉంది.

మోనో_మాస్టారు · పోస్టు 14

ఇవి మోనో రికార్డులు, గాడి అరిగినవి. ఎలిప్టికల్, అంటే కోడిగుడ్డు ఆకారపు మొన, లోపలికంటా దిగి, పాత ముల్లు అడుగున వదిలిన మురికినీ గీతలనీ కూడా చదువుతుంది. కోనికల్ (గుండ్రటి మొన) ముల్లు పైన, అరగని చోట నిలబడి నడుస్తుంది. అన్నివేళలా కాదు, గానీ పదిలో ఏడుసార్లు బుస తగ్గుతుంది. తేలిగ్గా దొరికేది ఆడియో-టెక్నికా వీఎం95సీ, 0.6 మిల్ కోనికల్, 2 గ్రాముల బరువు. మోనో కార్ట్రిడ్జే (ముల్లు బిగించి ఉండే చిన్న పెట్టె) కావాలంటే డెనాన్ డీఎల్-102, 3 గ్రాములు. పెద్దవాళ్ళ ఇంట్లో ఉన్న చాబీ గ్రామఫోన్ మీద ఈ రికార్డులు పెట్టకండి. ఆ ఇనుప ముల్లు ఒక్కసారికే గాడిని చీల్చేస్తుంది.

స్టీరియో కార్ట్రిడ్జ్ ఉంటే ఎడమ కుడి రెండూ కలిపి మోనో చెయ్యండి. మోనో పాట గాడిలో అడ్డంగానే ఉంటుంది, నిలువుగా వచ్చేదంతా దుమ్మూ గీతలూ. రెండు చానళ్ళు కలిపితే నిలువుది కొట్టుకుపోతుంది. ఒక చానల్ మరీ చెడి ఉంటే కలపకుండా మంచి చానల్ ఒక్కటే తీసుకోండి, గాడి ఒక గోడ మాత్రమే అరిగి ఉంటుంది.

కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు 24 బిట్, 96 కిలోహెర్ట్జ్, అతి పెద్ద శబ్దం సున్నాకి 6 డెసిబెల్స్ కిందే ఉండేలా. క్లిక్కులు తీసే సాఫ్ట్‌వేర్ వాడండి గానీ బుస తీసేది వాడకండి. ఫజ్ గిటార్ అంటే సగం బుసే. సాఫ్ట్‌వేర్‌కి మేస్ట్రో ఫజ్-టోన్‌కీ (గిటార్ శబ్దాన్ని గరగరలాడించే పెట్టె) దుమ్ముకీ తేడా తెలియదు, గిటార్‌ని కూడా తినేస్తుంది.

గాడి_గౌరి · పోస్టు 15

కన్నం పక్కకి పడ్డ కాపీల గురించి కూడా చెప్పండి మాస్టారూ. చవక ప్లాంట్ల రికార్డుల్లో అదే పెద్ద బాధ. ఆర్గన్ మోగే పాటల్లో, ఫార్ఫిసా కానీ వాక్స్ కాంటినెంటల్ కానీ, స్వరం ఊయల ఊగినట్టుంటుంది.

మోనో_మాస్టారు · పోస్టు 16

లెక్క తేలిక. కన్నం 0.2 మిల్లీమీటర్లు పక్కకి ఉందనుకోండి, ముల్లు మధ్యనుంచి 60 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకోండి. వేగం తేడా 0.2ని 60తో భాగిస్తే అటూ ఇటూ 0.33 శాతం. నిలిచి మోగే ఆర్గన్ స్వరంలో అది స్పష్టంగా వినిపిస్తుంది, డ్రమ్ముల్లో తెలియదు. లోపలికి వెళ్ళేకొద్దీ దూరం తగ్గుతుంది కనుక ఊపు పెరుగుతుంది, పాట చివర మరీ చిరాకు.

45 పెద్ద కన్నం 38 మిల్లీమీటర్లు. ఇక్కడే సౌకర్యం. బిగుతుగా పట్టే అడాప్టర్ తీసేసి, కాస్త వదులుగా ఉండేది పెట్టండి. రికార్డు తిప్పుతూ ఆర్మ్ ఎటు ఊగుతోందో చూడండి. ఆర్మ్ మధ్య వైపు బాగా జరిగిన క్షణంలో ముల్లు దగ్గరున్న అంచుని పట్టుకుని, ఆపి, వెంట్రుకవాసి బయటికి జరపండి. మళ్ళీ తిప్పండి. నాలుగైదు సార్లకి ఆర్మ్ కదలకుండా నిలుస్తుంది. ముల్లు ఎత్తి జరపండి, ఆనించి ఉండగా జరపొద్దు.

వాల్తేరు_వినికిడి · పోస్టు 17

మన దేశంలో ఇలాంటి ఊరి బ్యాండ్ల రికార్డులు లేవా? సిమ్లా బీట్ అంటారు కదా.

టకోమా_తాత · పోస్టు 18

అది కాస్త తర్వాతది, 1970, 71. ఇంపీరియల్ టొబాకో వాళ్ళు సిమ్లా సిగరెట్ల ప్రచారానికి దేశమంతా పోటీ పెట్టి, గెలిచినవాళ్ళ పాటలతో రెండు ఎల్‌పీలు వేశారు. మద్రాసు నుంచి కన్‌ఫ్యూజన్స్, షిల్లాంగ్ నుంచి ఫెంటోన్స్, బెంగళూరు నుంచి డైనోసార్స్, కలకత్తా నుంచి గ్రేట్ బేర్. మన తెలుగువాళ్ళకి దగ్గరగా వచ్చేది మద్రాసు బ్యాండే. పద్ధతి వేరు: అక్కడ కుర్రాళ్ళు డబ్బు కట్టి ప్లాంటుకి వెళ్ళారు, ఇక్కడ సిగరెట్ కంపెనీ డబ్బు కట్టి కుర్రాళ్ళని తెచ్చింది. అందుకే అమెరికాలో వేల 45లు మిగిలాయి, మనకి ఆ పోటీ నుంచి రెండు ఎల్‌పీలు మిగిలాయి. వాటినీ తర్వాత విదేశాల్లో మళ్ళీ వేశారు, కాబట్టి కొత్తగా మెరిసే సిమ్లా బీట్ చూసి పాత ధర ఇవ్వకండి.

పెరూ రాజధాని లిమాలో లోస్ సైకోస్ అని ఒక బ్యాండు ఉండేది, 1965, 66లో డిస్పెరు లేబుల్ మీద ఆరు 45లు, పన్నెండు పాటలు, అంతే. గ్యారేజ్ అమెరికా సొత్తు కాదని చెప్పడానికి ఆ పన్నెండు చాలు.

కొలంబస్_కృష్ణ · పోస్టు 19

అందరూ చెప్పినట్టు చూశాను. ఫలితాలు:

ఒకటోది: రెండు వైపులా నంబర్లు పక్కపక్కవే. లేబుల్ మీద ఐదంకెల జిప్. కుదిరింది, 1966.

రెండోది: ఖాతా నంబరు దొరికింది, లేబుల్ దగ్గరగా, చాలా సన్నగా. అదే నంబరుతో రెండు సువార్త పాటల రికార్డులు కనిపించాయి, రెండిటి మీదా కెంటకీలోని ఒకే ఊరు.

మూడోది: గోటికి లేబుల్ అంచు తగలడం లేదు. కొడితే డబ్ అంటోంది. ఎంఆర్ ముద్ర లేదు. త్రికోణం గీసిన తీరూ నంబర్ల తీరూ ఒకే చేతివి, మరీ నిండుగా, లోతుగా. రెండో చరణంలో పదకొండు టిక్కులు, 1.33 లెక్కనే. ఆ చోట గాడి అద్దంలా ఉంది. ఫేడ్ చివర ఉన్నట్టుండి తెగింది.

నాలుగోది: కడిగాక కూడా మొదటి మూడు సెకన్లు బుస. మాస్టారు చెప్పిన క్యూ బర్న్.

ఐదోది: లేబుల్ మీద మిషిగన్ ఊరే. కానీ ఎ వైపు లేబుల్ చూసి పెడితే బి వైపు పాట వస్తోంది.

డెడ్‌వ్యాక్స్_దాసు · పోస్టు 20

మూడోది నకిలీ. లేబుల్ అచ్చు సంగతి మీరు రాయలేదు గానీ, గౌరిగారు అడిగిన మిగతా మూడూ ఒకవైపే ఉన్నాయి. అమ్మినవాళ్ళకి తెలిసి చేసింది కాకపోవచ్చు, ముందు ఆ పదకొండు టిక్కుల ఆడియో పంపి డబ్బు వెనక్కి అడగండి. అట్టే పెట్టుకుంటే కవరు మీద పెన్సిల్‌తో "రీప్రో" (నకలు) అని రాయండి. లేబుల్ మీద వద్దు.

గాడి_గౌరి · పోస్టు 21

ఐదోదానికి భయం లేదు. వినైల్ ప్రెస్‌లో లేబుళ్ళు కొట్టేటప్పుడే పెడతారు, పైదీ కిందదీ తారుమారు పెట్టారు. ఆ బ్యాచి మొత్తం అలాగే వచ్చి ఉండొచ్చు. రెండు వైపుల డెడ్‌వ్యాక్స్ నంబర్లు, ఏ నంబరు దగ్గర ఏ పాట వస్తోందో రాయండి. లేబుల్‌ని బట్టి కాదు, చెవిని బట్టి.

కొలంబస్_కృష్ణ · పోస్టు 22

రాస్తాను గౌరిగారూ. ఏఆర్‌పీ ముద్ర మాత్రం రెండు వైపులా ఉంది. ఒక వైపు తలకిందులుగా.

గాడి_గౌరి · పోస్టు 23

ఎటు తిప్పి కొట్టినా అది ముద్రే. నంబర్లు పంపండి.